మిర్చి కోల్డ్ స్టోరేజీలో తాబేళ్ల తొట్టి

ఈ ఉదయం తాబేళ్లకు మేత వేస్తుండగా వరండా అవతలి నుంచి దగ్గు వినిపించింది. మిరప నిల్వచేసే చోట దగ్గు వింత కాదు. కానీ ఈ దగ్గు వేరు. పాతవాళ్ల దగ్గు పొడిగా వచ్చి ఒక్కసారిగా ఆగిపోతుంది. దగ్గిన సంగతి దగ్గినవాళ్లకే తెలియదు. కొత్తవాళ్ల దగ్గు గొంతులో గీరినట్టు మొదలై, ముక్కులోకి ఎక్కి, కళ్ల నీళ్లతో ముగుస్తుంది. మధ్యలో ఒక చిన్న విరామం ఉంటుంది. ఇక తగ్గిపోయిందని మనిషి ఊపిరి పీల్చుకునే విరామం అది. అసలు దగ్గు దాని తర్వాతే వస్తుంది. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఉన్న ఈ కోల్డ్ స్టోరేజీలో పనికి చేరిన ప్రతి ఒక్కరూ మొదటి రోజు అలాగే దగ్గారు. నేనూ దగ్గాను. ఆ దగ్గు ఎప్పుడు విన్నా నాకు సాంబశివరావు గారు గుర్తొస్తారు. మేత డబ్బాకు మూత పెట్టి లేచాను.

సాంబశివరావు గారు ఇక్కడ రిఫ్రిజిరేషన్ ఇన్‌చార్జిగా పనిచేశారు. నా ఉద్యోగ జీవితంలో మొదటి పై అధికారి ఆయనే. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, ఎప్పుడూ తెల్ల చొక్కా. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన థర్మామీటరు పెట్టుకునేవారు. వాళ్లది పర్చూరు. తండ్రి పొగాకును వేడికి ఆరబెట్టే గది, బ్యారన్, కాల్చేవారట. ఆకు పండే తీరును బట్టి లోపలి వేడిని కొంచెం కొంచెంగా పెంచుతూ, చిన్న అద్దపు కిటికీలోంచి థర్మామీటరు చూసుకుంటూ బ్యారన్ దగ్గరే కాపలా ఉండేవారట. "మా నాన్న వేడి కాశాడు, నేను చలి కాస్తున్నా. ఇద్దరం చూసింది ఆ పాదరసం గీతనే" అనేవారు సాంబశివరావు గారు. పొద్దున్నే ఎదురుపడితే ఆయన పలకరింపు "రీడింగ్ ఎంత?" అన్న ప్రశ్న. జవాబు చెప్పాకే "టిఫిన్ తిన్నావా అమ్మాయ్?" అని అడిగేవారు. చెప్పిన అంకెకు ముందు ‘సుమారు’ అన్న మాట దొర్లితే, పంటి కింద రాయి పడినట్టు మొహం పెట్టేవారు.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ట్రైనీగా చేరాను. అంతకుముందు ఇక్కడి ఇంజిన్ రూములో ఆడవాళ్లెవరూ పనిచేయలేదు. నేను చేరింది మిరప దిగే కాలంలో. లారీల నుంచి దించిన మిర్చి బస్తాలను ప్లాట్‌ఫారం మీద గోడ కట్టినట్టు పేర్చారు. వాటిని ఇక్కడ టిక్కీలంటారు. గేటు దాటి వాటి పక్కగా నడుస్తుండగా దగ్గు పట్టుకుంది. ఆగి, తగ్గిందనుకుని అడుగు వేసేసరికి మళ్లీ పట్టుకుంది. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. అందులో కుళ్లు లేదు. కొత్తవాళ్లు దగ్గుతుంటే నవ్వడం ఇక్కడ వచ్చినవాళ్లకు స్వాగతం చెప్పే పద్ధతి. సాంబశివరావు గారు మంచినీళ్ల సీసా అందించి, "నాలుగు రోజులు ఓర్చుకో. తర్వాత నీకే తెలీదు" అన్నారు. ఆయన చెప్పినట్టే జరిగింది. కొద్ది రోజులకు నాకు ఘాటు తెలియడం మానేసింది. అదొక అర్హతలా అనిపించి సంతోషించాను కూడా.

అదే రోజు ఆఫీసులోకి మరో ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఉత్తరం వైపు నీళ్లలో బతికున్న తాబేళ్లు ఉంటే సరుకు నిలకడగా ఉంటుందని వాస్తు చూసే పెద్దాయన చెప్పడంతో, మా యజమాని గుంటూరులోని ఒక అక్వేరియం షాపు నుంచి రెండు తాబేలు పిల్లలను తెప్పించారు. కూల్‌డ్రింక్ సీసా మూత కన్నా కాస్త పెద్దవి. ఆకుపచ్చటి డిప్ప, కంటి వెనక ఎర్రటి చార. మన చెరువుల్లో కనిపించే రకం కాదు, పరదేశపు జాతి. వాటిని ఒక గుండ్రటి గాజు గిన్నెలో వేసి, అడుగున రంగు గులకరాళ్లు పరిచి, మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు నిలబెట్టి, యజమాని గారి ఏసీ గదిలో బల్ల మీద పెట్టారు. తినడానికి మరమరాలు చల్లారు. గుమస్తా కోటేశ్వరరావు గారు కళ్లజోడు ముక్కు మీదికి దించి నన్ను చూస్తూ, "ఒకే ముహూర్తానికి ముగ్గురు దిగారండోయ్. ఇద్దరు గిన్నెలోకి, ఒకరు ఇంజిన్ రూములోకి" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

తాబేళ్లు తినడం మానేశాక ఆ మాటలో నవ్వు పోయింది. చిన్నది రోజంతా గిన్నె అంచుకు గోళ్లతో పాకుతూ జారుతూ ఉండేది. తర్వాత పాకడం కూడా మానేసి నీళ్లలో కొయ్యముక్కలా తేలసాగింది. "ఎవరు అడుగుపెట్టిన వేళో ఏమో" అని కోటేశ్వరరావు గారు ఎవరినీ ఉద్దేశించనట్టు అన్నారు. ఒక ఉదయం సరుకు ఉంచే ఛాంబర్ల ఉష్ణోగ్రతలు చెప్పడానికి యజమాని గారి గది తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల నా గురించే మాట్లాడుకుంటున్నారు.

"ఆ అమ్మాయిని గుంటూరు మిర్చి యార్డు దగ్గరి మన ఆఫీసులో కూర్చోబెడదాం లెండి సాంబశివరావు గారూ. నీడపట్టున ఉంటది" అన్నారు యజమాని.

"ఎందుకండీ?"

"ఎందుకంటే ఏం చెప్పనయ్యా. నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారు. ఆ అమ్మాయి వచ్చిన రోజే అవీ వచ్చాయి, వచ్చిన కాణ్ణుంచీ ఇదీ వరస."

"ఆ రోజే నా మోకాలు కూడా పట్టేసిందండి. దానికీ ఈ అమ్మాయే కారణమంటే చెప్పండి, ఇంటికెళ్లి మా ఆవిడతో నూనె రాయడం మానెయ్యమంటా."

యజమాని నవ్వారు గానీ వెంటనే సర్దుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎంతోమంది రైతుల ఏడాది కష్టం ఆయన గోడల మధ్య ఉంటుంది. ఏ చిన్న అపశకునానికైనా భయపడడం ఆయనకు ఉద్యోగంలో భాగమైపోయింది. "నవ్వులాట కాదయ్యా. సీజన్లో అవి చస్తే రైతులేమనుకుంటారు?" అన్నారు.

"చావకుండా చూస్తే సరిపోద్ది కదండీ. నాకూ అమ్మాయికీ వదిలెయ్యండి, సీజను అయ్యేదాకా."

ఎవరూ విడమరిచి చెప్పలేదు గానీ నాకు అర్థమైంది. ఆ రెండు తాబేళ్లు బతికితే నేను కంప్రెసర్ల దగ్గర ఉంటాను. లేకపోతే యార్డు ఆఫీసులో ఫైళ్లు సర్దుకుంటాను. చదువుకున్నన్నాళ్లూ నేను కోరుకున్నది నూనె వాసన, చక్రాల చప్పుడు ఉన్న గది. అందులోకి వచ్చి నెల కూడా కాలేదు.

సాంబశివరావు గారు నన్ను లోపలికి పిలిచి, జేబులోని థర్మామీటరు తీసి గాజు గిన్నెలోకి దించారు. "రీడింగ్ ఎంత?" అన్నారు. ఇరవై ఒకటి అన్నాను. "సుమారా?" కాదు, ఇరవై ఒకటే. "ఏసీలో మనకి హాయిగా ఉంది. వీటికో?" అన్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. తన పేరు చెప్పినంత తేలిగ్గా ‘నాకు తెలీదు’ అనగల పెద్దమనిషిని నేను మొదటిసారి చూశాను. ఆయన మేనకోడలు శిరీష పశువైద్యం చదువుతోంది. అక్కడికక్కడే ఆమెకు ఫోన్ చేసి స్పీకరు పెట్టారు.

"మావయ్యా, తాబేలుకి మనలాగా ఒంట్లో పొయ్యి ఉండదు. బయటి వేడే దాని వేడి. చలిలో పెడితే తిన్నది అరగదు, అరగదు కాబట్టి తినదు. ఇంతకీ అవి నీళ్లలోంచి బయటికి ఎక్కడానికి చోటుందా?"

"ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉంది."

"కొబ్బరికాయలు దింపుతాయా?"

ఫోన్ పెట్టేశాక, "సరుకు చెడకూడదంటే చల్లబెట్టాలి. ఇన్నేళ్లూ నాకు తెలిసింది ఇదొక్కటే. ఇక్కడ లెక్క తిరగేసి కట్టాలన్నమాట" అన్నారు. ఆయన గొంతులో ఉత్సాహం వినిపించింది.

ఆ తొట్టిని మేము ఒక చిన్న ఛాంబరు కడుతున్నంత శ్రద్ధగా కట్టాం. పొడవాటి గాజు తొట్టి కొన్నాం. శిరీష ఫోన్లో ఒక్కొక్కటే చెబుతుంటే ఆయన ప్రతిదానికీ ఎందుకని అడిగేవారు. కారణం తెలియకుండా ఏ మేకూ కొట్టరు. నీళ్లు ఎంత తక్కువ ఉంటే పిల్లలకు అంత భద్రమని నేను అనుకున్నాను. అది తప్పు. వెల్లకిలా పడిపోయిన తాబేలు మరీ తక్కువ నీళ్లలో మళ్లీ బోర్లా తిరగలేకపోతుంది. నీటి లోతు కనీసం దాని డిప్ప వెడల్పు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. గులకరాళ్లు పారేయించాం. నోట్లో పట్టే ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు నోట్లోకి వెళుతుందని శిరీష హెచ్చరించింది. పిడుగురాళ్ల వైపు వెళ్లే లారీ డ్రైవరుతో ఒక నాపరాయి పలక తెప్పించి, దాని అంచులను సాంబశివరావు గారు స్వయంగా ఎమెరీ కాగితంతో అరగదీసి, నీళ్లలోంచి పొడి నేల మీదికి వాలుగా అమర్చారు. పలక కింద ఇరుక్కుంటే తాబేలు కూడా ఊపిరాడక చనిపోతుంది. అందుకని ఆయన ఒక కూల్‌డ్రింక్ మూత పట్టుకుని తొట్టి మూలమూలలా దోపి చూశారు. "ఇది దూరితే అది దూరుద్ది" అంటూ, అది దూరిన ప్రతి సందునూ మూయించారు.

హీటరు తాబేళ్ల ఒంటికి తగలకుండా చిల్లులు వేసిన గొట్టంలో పెట్టాం. కిటికీ పక్కన పెడితే ఎండ సరిపోతుందని నేనంటే, అద్దం దాటి వచ్చే ఎండలో డిప్ప గట్టిపడడానికి కావలసిన కిరణాలు ఉండవని శిరీష చెప్పింది. అందుకోసం ప్రత్యేకంగా ఒక దీపం తెప్పించి రాతి పలక మీదికి వేలాడదీశాం. పైన కాకులూ పిల్లులూ రాకుండా జాలీ మూత బిగించాం. కుళాయి నీళ్లను ముందు రోజే డ్రమ్ములో పట్టి క్లోరిన్ పోయేదాకా ఉంచేవాళ్లం. మోటారు ఫిల్టరు అంత చిన్న కాళ్లను లోపలికి లాగేస్తుందేమోనని ఆయన భయం. అందువల్ల గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు ఎంచుకున్నారు. పంపు బయటి గాలిని తీసుకుని బుడగలుగా పంపితే, ఆ బుడగలతో పాటు మురికి నీళ్లు స్పాంజిలోంచి వడకట్టబడతాయి. వేడిని మాత్రం ఒక్కసారిగా పెంచనివ్వలేదు. "బ్యారన్లో ఆకుని గబాల్న కాలిస్తే పచ్చిగానే ఎండిపోద్ది. ఒక్కో గీత ఎక్కించు" అన్నారు. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడుకు అలా మెల్లగా తెచ్చాం.

ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద ప్రశ్న అయింది. ఇంజిన్ రూము వెచ్చగా ఉంటుంది కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పొరపాటున అమ్మోనియా లీకైతే మనం బయటికి పరిగెత్తుతాం. వాటికి ఆ వీలుందా?" అన్నారు. ప్లాట్‌ఫారం పక్కనున్న సామాన్ల గది ఖాళీ చేయించారు. ఏసీ లేదు, ఛాంబర్లను చల్లబరిచే అమ్మోనియా పైపులు లేవు, గాలి ఆడడానికి కిటికీ ఉంది. యజమాని వచ్చి దిక్కు సంగతి అడిగితే, సాంబశివరావు గారు పనిముట్ల పెట్టెలోంచి దిక్సూచి తీసి తొట్టి సరిగ్గా ఉత్తరపు గోడకే ఉందని చూపించారు. ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, "దిక్కు ఆయనది, డిగ్రీలు మనవి" అన్నారు.

మరో సంగతి కూడా అప్పుడే తేలింది. తాబేళ్ల ఒంటి మీద మనకు జబ్బు చేసే క్రిములు ఉంటాయి కాబట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని శిరీష చెప్పింది. "మేం మిరపోళ్లం శిరీషా, ఏది ముట్టుకోవాలన్నా ముందే కడుక్కుంటాం" అన్నారాయన. నిజమే. కంటికి చెయ్యి తగలక ముందు, పిల్లల్ని ఎత్తుకోక ముందు, చివరికి దొడ్డికి వెళ్లక ముందు కూడా ఇక్కడివాళ్లు చేతులు కడుక్కుంటారు. "అయితే ముందూ కడుక్కోండి, తర్వాతా కడుక్కోండి" అంది ఆమె. గది బయట కుళాయి దగ్గర కొత్త సబ్బు పెట్టించాం.

తాబేళ్లు తినసాగాయి. పెద్దది రాతి పలక మీద దీపం కింద వెనక కాళ్లు చాపి పడుకునేది. చిన్నది దాని మీదెక్కి పడుకునేది. హమాలీలు టీ వేళకు వచ్చి చూసి వెళ్లేవారు. కోటేశ్వరరావు గారు కూడా ఒకసారి వచ్చి, "పర్లేదు, అద్దెకున్నోళ్లలా కాదు, సొంతింటోళ్లలా ఉన్నారు" అని వెళ్లారు. నాకు ధైర్యం వచ్చింది.

సీజను ముమ్మరమయ్యాక చిన్నదాని కళ్లు వాచాయి. రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. తర్వాత పెద్దదానికీ అంతే. కళ్లు కనబడక మేత ఎదురుగా ఉన్నా తినడం లేదు. నీటి వేడి సరిగ్గా ఉంది, పలక మీది వేడి సరిగ్గా ఉంది, దీపం కొత్తది, నీళ్లు మార్చినవి. స్పాంజి ఎర్రబారడం చూశాం గానీ, మేత గింజల రంగనుకున్నాం. యజమాని వచ్చి తొట్టిని చూశారు, నన్ను చూశారు, వెళ్లిపోయారు. మర్నాడు కోటేశ్వరరావు గారు ఈసారి వేళాకోళం లేకుండా, నిజంగా నొచ్చుకుంటూ చెప్పారు: "సోమవారం నుంచి నిన్ను యార్డు ఆఫీసుకి రమ్మంటున్నారమ్మా."

సాంబశివరావు గారు ఆ మాట విని తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. "పరికరాలు అబద్ధం చెప్పట్లా అమ్మాయ్. అడగాల్సింది మనమే అడగట్లేదు" అన్నారు. శిరీషను ఆదివారం రమ్మన్నారు.

ఆమె చేతిలో మందుల సంచీతో వచ్చింది. సామాన్ల గది గడప మీదే ఆగి దగ్గింది. ఆగి, తగ్గిందనుకుని లోపలికి అడుగు పెట్టి, మళ్లీ దగ్గి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"ఇందులో ఎట్లా ఉంటున్నారు మావయ్యా?"

"ఏముంది ఇందులో?" అన్నారాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నేనూ గాలి పీల్చి చూశాను. నాకేమీ తెలియలేదు.

శిరీష తొట్టి వైపు చూసింది. గాలి పంపు కిటికీ గూట్లో ఉంది. కిటికీ అవతల ప్లాట్‌ఫారం, దాని పక్కన మిరపలోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరే గ్రేడింగ్ షెడ్డు. "ఈ పంపు గాలి ఎక్కణ్ణుంచి తీసుకుంటోంది?" అంది.

సాంబశివరావు గారు తన తెల్ల జేబురుమాలు తడిపి, పిండి, పంపు గాలి పీల్చే చోట కప్పి దారంతో కట్టారు. మధ్యాహ్నం భోజనాలు చేసి వచ్చేసరికి ఆ రుమాలు మీద ఇటుక రంగు మచ్చ పడింది. సాయంత్రానికి అది చిక్కటి ఎరుపయింది. అమ్మోనియా రాకూడదని అంత ఆలోచించి ఎంచుకున్న గదిలో, కాళ్లు లాగకూడదని అంత జాగ్రత్తగా ఎంచుకున్న పంపు, మిరప దుమ్మును తెచ్చి బుడగబుడగగా నీళ్లలో కలుపుతూ ఉంది.

"ఘాటు వీటికి మనలాగే తెలుస్తుందో లేదో నాకూ ఖాయంగా తెలీదు. కానీ రోజంతా దుమ్ము నీళ్లలో కళ్లు తెరిస్తే ఏ ప్రాణికైనా వాస్తాయి" అంది శిరీష, రెప్పలను తుడిచి మందు వేస్తూ.

ఆయన రుమాలును అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నాతో అన్న మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. "నువ్వు వచ్చిన రోజు దగ్గావు. నీళ్లిచ్చి, నాలుగు రోజుల్లో తెలీదులే అన్నా. ఘాటు ఎక్కడికీ పోలేదమ్మాయ్, పోయింది మన ముక్కు. అలవాటు పడ్డ ముక్కు చెడిపోయిన థర్మామీటరు. ఎప్పుడు చూసినా బాగుందనే చెప్తది. ఆ రోజు నిన్ను ఒక్క మాట అడిగుంటే ఈ గదిలో తొట్టి పెట్టేవాణ్ణే కాదు."

సోమవారం పొద్దున ఆయన ఆ రుమాలును యజమాని బల్ల మీద పరిచారు. నన్ను కూడా పక్కన నిలబెట్టుకున్నారు. "దోషం వేళది కాదండి, గాలిది. ఈ అమ్మాయి గేట్లోకి వచ్చిన నిమిషానే దగ్గి మనకి చెప్పింది. మనం నవ్వాం" అన్నారు. యజమాని రుమాలును ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయనకూ ఏమీ తెలియలేదు. ఆ సంగతే ఆయనను ఒప్పించిందనుకుంటాను. తొట్టిని వెనక వరండాలోకి మార్చడానికి ఒప్పుకున్నారు. అక్కడికి గాలి పొలాల వైపు నుంచి వస్తుంది. అదీ ఉత్తరమే.

"ఈ గుడ్డ ఇంకోటి కూడా చెప్తోందండి. గ్రేడింగ్ షెడ్డులో దుమ్ము బయటికి లాగే ఫ్యాన్లు కావాలి."

"తాబేళ్లకి మంచిదేనా?" అన్నారు యజమాని.

"దుమ్ము పుట్టేదే అక్కడండీ."

"అయితే వేయించండి."

ఫ్యాన్లు మొదటిసారి తిరిగిన రోజు షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్లందరూ తలెత్తి చూశారు. వాళ్లలో పెద్దామె దుర్గమ్మ ముక్కుకు కట్టుకున్న తువ్వాలు కిందికి దించి, "సాంబశివరావు గారూ, తాబేలుకి కళ్లు వాస్తే ఫ్యాన్లొచ్చినయ్. మా కళ్లు ఎన్నేళ్ల నుంచి వాస్తన్నయ్యో ఎవురన్నా చూశారా?" అంది. మిగతావాళ్లు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు.

"చూళ్లేదు దుర్గమ్మా" అన్నారు.

"చూడకపోతే మానె, ఇప్పుడన్నా తిరుగుతున్నయ్యిగా. ఆ మూలది తిరగట్లా, ముందు దాని సంగతి చూడండి."

ఆయన ఎవరినీ పిలవకుండా తానే నిచ్చెన వేసుకుని ఎక్కారు. నేను కింద స్పానర్లు అందించాను. పైనుంచి దిగాక చాలాసేపు ఆయన షెడ్డులోనే, వాళ్ల పక్కన పీట మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ తర్వాత మాత్రం కొత్తవాళ్లు దగ్గితే ఇక్కడ ఎవరూ నవ్వలేదు. హమాలీ అయినా, డ్రైవరు అయినా, ఏరడానికి వచ్చిన మనిషయినా, మొదటి రోజున సాంబశివరావు గారు పిలిచి టీ ఇప్పించేవారు. "ఈ రోజు నీ ముక్కూ చెవులూ మా అందరి కన్నా మంచి పరికరాలు. వారం పోతే మాలాగే అయిపోతావు. ఇప్పుడే చెప్పు, ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడిగేవారు. కొందరు సిగ్గుపడి ఏమీ లేదనేవారు. కొందరు మెట్లలో ఒకటి ఎత్తుగా ఉందనేవారు, తలుపు కిర్రుమంటోందనేవారు. చాలావరకు చిన్నవే. ఆయన అన్నిటినీ రీడింగుల్లాగే తీసుకున్నారు. వెళ్లి మెట్టు కొలిచేవారు.

తాబేళ్ల కళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. సీజను ముగిసింది. యార్డు ఆఫీసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు నేను చేతులకు నూనె మరకలతో కంప్రెసరు దగ్గర ఉండగా యజమాని అటుగా వెళుతూ ఆగి, "ఏమ్మా, మనవాళ్లు ఎట్లా ఉన్నారు?" అని అడిగారు. బాగున్నారండి అన్నాను. నా ఉద్యోగం ఖాయమైన సంగతి నాకు తెలిసింది ఆ ప్రశ్నతోనే.

అవి ఇప్పుడు అన్నం పళ్లెమంత అయ్యాయి. గాజు తొట్టి చాలక వరండా ముందు సగం ఎండ, సగం నీడ పడేలా సిమెంటు తొట్టి కట్టించాం. మధ్యలో ఎవరో పుణ్యం వస్తుందని వాటిని సాగర్ కాలవలో వదిలేద్దామన్నారు. సాంబశివరావు గారు వద్దన్నారు. "మన కాలవలో చేపకీ కప్పకీ ఇవి ఎవరో తెలీదు. ఇవి పోయి వాటి తిండి తింటయ్. మనం తెచ్చుకున్నాం, ఉన్నన్నాళ్లూ మనమే చూసుకోవాలి." పదవీ విరమణ చేసి పర్చూరు వెళ్లిపోయాక కూడా ఆయన తరచూ ఫోన్ చేసేవారు. మొదటి మాట "రీడింగ్ ఎంత?" అనే. ఛాంబర్ల సంగతి కాదు, తొట్టి సంగతి. కిందటేడాది ఆయన పోయారు. పర్చూరు వెళ్లి వచ్చిన సాయంత్రం తొట్టి నీళ్ల రీడింగు తీసి, అది ఎవరికి చెప్పాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత శిరీషకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ‘సుమారా?’ అని అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నేను ఉన్నాను. ఈ ఉదయం దగ్గింది దర్శి నుంచి కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్. నేను వరండా దాటి వెళ్లేసరికి అతను గోడకు ఆనుకుని, మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు.

"ఏం లేదు మేడమ్. నాలుగు రోజులు పోతే అలవాటైపోద్ది."

"అలవాటు కాకముందే చెప్పాలి. ఎక్కడ మొదలైంది?"

అతను ఆలోచించి, రెండో ఛాంబరు మెట్ల కింది మూల చూపించాడు. టిక్కీలు ఉండే చోటు కాదు అది. షెడ్డు దుమ్మును బయటికి తీసుకుపోయే రేకు గొట్టం మాత్రం ఆ మూల మీదుగా వెళుతుంది. నేను రోజూ నడిచే దారే. అక్కడ నిలబడి గట్టిగా గాలి పీల్చి చూశాను. నాకేమీ తెలియలేదు. నా పక్కన నిలబడ్డ అతను మళ్లీ దగ్గాడు.

గొట్టం అతుకు విప్పడానికి స్పానర్లు తెప్పించాను.